వాద్య సందేహాలు: గిటారుకు రెండు సెట్ల తీగలు కలిపి వేయవచ్చునా?

ప్రశ్న: మా చర్చిలో ఆదివారం ఆరాధనకు నేను గిటారు వాయిస్తాను, మా చెల్లెలు పాడుతుంది. నాది పెద్ద పెట్టె ఉన్న డ్రెడ్‌నాట్ గిటారు. 12 నుంచి 53 వరకు ఉండే లైట్ సెట్ వాడుతున్నాను. వేళ్లతో మీటేటప్పుడు మూడు, నాలుగు, ఐదు తీగలు గట్టిగా మోగి, పాట వరస నడిపే మొదటి రెండు తీగలను మింగేస్తున్నాయి. ఆ రెండింటిని మాత్రం కాస్త లావువి వేసుకోవచ్చునా? అలా కలిపితే నెక్ (గిటారు మెడ) వంగిపోతుందని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: నిరభ్యంతరంగా వేసుకోవచ్చును. మీ చెవికి తోచినదే లెక్కలోనూ కనిపిస్తున్నది. తీగ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతులుగా చెబుతారు కనుక 12 అంటే 0.012 అంగుళం. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (పెట్టె మీద తీగలు ఆనే పట్టీ) దాకా ఇరవై అయిదున్నర అంగుళాలు ఉన్న గిటారుకు ఫాస్ఫర్ బ్రాంజ్ లైట్ సెట్ వేసి మామూలు శ్రుతికి బిగిస్తే, మొదటి రెండు తీగల మీద చెరొక 23 పౌన్ల బిగువు పడుతుంది. మూడు, నాలుగు, ఐదు తీగల మీద ఒక్కొక్కదానికి 30 పౌన్ల వరకు, ఆరో తీగ మీద 26 పౌన్ల వరకు ఉంటుంది. ఎక్కువ బిగువున్న తీగ, వేలు అంతే దూరం లాగి వదిలినా, బ్రిడ్జిని (పెట్టె మీద తీగలు బిగించే చెక్కను) మరింత బలంగా కదిలిస్తుంది. మీరు చెప్పిన మూడు తీగలే పైచేయిగా వినిపించడానికి ఒక ప్రధాన కారణం ఇది.

శ్రుతి, పొడవు మారనప్పుడు సాదా ఉక్కు తీగ బిగువు దాని మందపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల మొదటి తీగకు 12కు బదులు 13 వేస్తే తేడా వెంట్రుకంత కూడా లేకపోయినా బిగువు మాత్రం 17 శాతం పెరిగి 27 పౌన్లు దాటుతుంది. రెండో తీగకు 16కు బదులు 17 వేస్తే 13 శాతం పెరిగి 26 పౌన్లు అవుతుంది. ఆరో తీగతో అవి సమానంగా నిలుస్తాయి, మిగతా మూడింటికి దగ్గరవుతాయి. మందంలో ఒక్కొక్క అంకె మాత్రమే పెంచమని నా సలహా. లావు తీగలకు బదులు కాస్త సన్నవి వేసి సరిచేసే దారి కూడా ఉన్నది గాని, పాడేవారి గొంతుకు ఆనుకునే మంద్రస్థాయి పలచబడిపోతుంది కనుక నేను దానిని చివరికి ఉంచుతాను. ఇంతచేసినా మూడో తీగ ఒక్కటే ఎగిరి వినిపిస్తే 24 తీసి 23 వేయండి.

విడి తీగలు మన వైపు దుకాణాల్లో దొరకకపోతే, ఒక లైట్ సెట్, ఒక మీడియం సెట్ కొనండి. మీడియంలో 13, 17, 26, 35, 45, 56 ఉంటాయి. దానిలోని మొదటి రెండు తీసి లైట్ సెట్‌లోని 24, 32, 42, 53తో జత చేస్తే మీకు కావలసినది వస్తుంది. మిగిలినవి 12, 16, 26, 35, 45, 56. బ్లూగ్రాస్ (ఒక అమెరికా జానపద శైలి) సెట్ అని అమ్మేదానికి ఇది బాగా దగ్గర; పిక్‌తో తాళం కొట్టేవారికి చక్కగా నప్పుతుంది కాబట్టి వృథా కాదు.

నెక్ సంగతికి వస్తే, లైట్ సెట్ మొత్తం బిగువు 163 పౌన్ల వరకు, అంటే సుమారు 74 కిలోలు. ఈ కలయికలో అది 170 పౌన్లకు చేరుతుంది. పూర్తి మీడియం సెట్ 180 దాటుతుంది. మీడియం తీగలకు అనుమతి ఉన్న గిటారుకు దీనితో ఏ ప్రమాదమూ లేదు. లైట్ కన్నా లావు వద్దని తయారీదారు చెప్పి ఉంటే ఈ పని చేయవద్దు. రెండు రోజుల తరువాత నెక్ కాస్త ముందుకు వంగినట్లు కనిపిస్తే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపును సరిచేసే కడ్డీని) పావు చుట్టు బిగిస్తే చాలు. నట్ గాడి ఇరుకై, శ్రుతి చేసేటప్పుడు తీగ టక్కుమని జారితే గాడిని సరిచేయించాలి.

అన్నిటికన్నా ముందు, అవే మందాలున్న కొత్త సెట్ వేసి వినండి. మన తీరపు ఉప్పుగాలికి, చేతి చెమటకు సాదా ఉక్కు తీగలు తొందరగా తుప్పెక్కి కాంతి కోల్పోతాయి. తరువాత ఐదో తీగను ఉత్తగా ఒకసారి, ఆరో తీగను ఐదో మెట్టు (ఫ్రెట్) దగ్గర నొక్కి ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం. రెండు చోట్లా అది గుమ్మని మోగితే ఆ మోత పెట్టెది, దానిని ఏ తీగా పోగొట్టలేదు.

ప్రశ్న: వీణ నేర్చుకున్న నేను ఇప్పుడు గిటారు మొదలుపెట్టాను. వేళ్లు నొప్పిపుట్టి 10 నుంచి 47 వరకు ఉండే సన్నని సెట్ వేశాను. ఆరో తీగ మెట్లకు తగిలి చరచరమంటున్నది. మళ్లీ లావు సెట్‌కు వెళ్లాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అక్కర లేదు. 47 మందమున్న ఆరో తీగ మీద 20 పౌన్లకు కాస్త పైగానే బిగువు ఉంటుంది. వదులు తీగ విశాలంగా ఊగుతుంది, మెట్లను తాకుతుంది. ఆ ఒక్కదానికి 52 వేసి, మొదటి తీగలను 10, 14గానే ఉంచండి. వీణలో సారణికి సన్న తీగ, అనుమంద్రానికి లావు తీగ కట్టి చేతికి తగ్గట్టు కూర్చుకోవడం మీకు తెలిసినదే. అయితే సన్న సెట్ వేసినప్పుడు మొత్తం బిగువు తగ్గి నెక్ వెనక్కు వాలి కూడా ఈ చప్పుడు రావచ్చును. మొదటి మెట్టు దగ్గర, పెట్టె మొదలయ్యే మెట్టు దగ్గర ఆరో తీగను ఒకేసారి నొక్కి పట్టి, నడుమ తీగకూ మెట్లకూ మధ్య సన్నని సందు కనిపిస్తున్నదో లేదో చూడండి. సందు లేకపోతే తీగ కొనే ముందు ట్రస్ రాడ్‌ను కొద్దిగా వదులు చేయించండి.