పెళ్ళికూతురి ముఖానికి రంగు వేసే ముందు

బరంపురం

చిరంజీవి అమ్మలుకు మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన సామాను జాబితా చదివాను. పర్లాకిమిడిలో మొదటి పెళ్ళి పని ఒప్పుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. కానీ ఆ జాబితాలో సగం వస్తువులు ఇప్పుడే కొనవద్దు. పెళ్ళికూతురిని ఇంకా చూడనే లేదు, ఇన్ని ఫౌండేషన్ సీసాలు ఎవరి కోసం? ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళు. పగటిపూట వెళ్ళు. ఆ అమ్మాయిని ముఖం కడుక్కుని రమ్మని, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏమీ రాయకుండా తీరుబడిగా చూడు. చర్మం జిడ్డుదా, పొడిదా, కళ్ళ కింద ఎంత నలుపు ఉంది, పెదవుల అంచు ఏ రంగులో ఉంది, నవ్వితే బుగ్గ ఎక్కడ లేస్తుంది, అన్నీ కాగితం మీద రాసుకో. ఆ కాగితం చూసుకుని బజారుకు వెళ్తే డబ్బు వృథా కాదు.

ఆ ఇంట్లోనే నీకు అసలు పరీక్ష ఎదురవుతుంది. వాళ్ళ అమ్మో, మేనత్తో నిన్ను పక్కకు పిలిచి, "కొంచెం తెల్లగా కనిపించేలా చెయ్యమ్మా" అంటుంది. ఒప్పుకోవద్దు. మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పు. చామనఛాయ మీద రెండు మెట్లు లేత ఫౌండేషన్ పూస్తే తెలుపు రాదు, బూడిద రంగు వస్తుంది. గోడకు సున్నం వేసినట్టు ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అవుతాయి. తాళి కట్టే క్షణంలో జడ పైకెత్తి పట్టుకుంటారు, కెమెరాలన్నీ మెడ మీదే ఉంటాయి, ఆ తేడా ఆల్బంలో ఎప్పటికీ ఉండిపోతుంది. ఈ మాట చెబితే ఏ తల్లి అయినా వింటుంది. ఆ పిల్ల ముఖంలో ఉన్న కళ పందిట్లో చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా కనబడాలి. మన పని అంతవరకే, అదే చాలా పెద్ద పని.

ఆ అమ్మాయి ఏ క్రీములు వాడుతోందో కూడా అడిగి చూడు. పెళ్ళి కుదరగానే ఎవరో చెప్పారని మందుల షాపులో చిన్న ట్యూబు కొని రాత్రిపూట రాసుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు కనబడితే అవి స్టెరాయిడ్లు. మొదట్లో ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం పలచబడి, సన్నటి ఎర్రని రక్తనాళాలు పైకి తేలుతాయి. మొటిమలు వస్తాయి, నూగు వెంట్రుకలు మొలుస్తాయి, ఎండ తగిలితే మంట పుడుతుంది. మానేస్తే ముఖం ఇంకా ఎర్రబడుతుంది కాబట్టి భయపడి మళ్ళీ అదే రాస్తారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. ఆ పిల్ల అలాంటిది వాడుతూ ఉంటే నువ్వు ఏ వైద్యమూ చెప్పవద్దు, వెంటనే మానెయ్యమని కూడా అనవద్దు. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించమను. ఇక్కడ బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రికి రావచ్చు.

తయారుచేసినవాళ్ళ పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని తెల్లబరిచే క్రీముల జోలికి అసలు పోవద్దు. అలాంటివాటిలో పాదరసం కలిపి ఉండవచ్చు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పొరపాటున చేరిన పాదరసం సైతం 10 లక్షల భాగాలకు 1 భాగం మించకూడదు. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ పేరు కూడా గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారినంత త్వరగా పెద్దవాళ్ళ మనసు మారదు. ఓపికగా చెబుతూ ఉండాలి.

ఇక ఫౌండేషన్. లేతది ఒకటి, నడిమి రంగు ఒకటి, ముదురుది ఒకటి, మూడు సీసాలు కొను. కలుపుకుంటే మన వైపు పిల్లల ఛాయలు దాదాపు అన్నీ వస్తాయి. పసుపు ఛాయ ఉన్నవి ఎంచుకో, గులాబీ ఛాయ ఉన్నవి మన చర్మం మీద పాలిపోయినట్టు కనిపిస్తాయి. రంగును ముంజేతి మీద చూడవద్దు. దవడ మీద పక్కపక్కనే గీతలు గీసి, ఏ గీత మెడలో కలిసిపోతుందో చూడు. వెంటనే తేల్చెయ్యకు. చర్మపు జిడ్డు కలిసి, గాలి తగిలి కొన్ని ఫౌండేషన్లు కాసేపటికి ముదురుతాయి. షాపు దీపాల కింద కాక బయటికి వచ్చి పగటి వెలుగులో అద్దం చూడమను. కళ్ళ కింద నలుపుకు, మచ్చలను కప్పే లేత కన్సీలర్ ఒక్కటే వేస్తే అది బూడిదగా తేలుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా అద్ది, దాని మీద కన్సీలర్ వెయ్యి. ఆ నలుపులో నీలం ఛాయ ఉంటుంది, దాన్ని నారింజ రంగే అణచగలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫోనులో చూసి నువ్వు నేర్చుకున్న అలంకరణలు ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్న అమ్మాయికి పనికొస్తాయి. మన పెళ్ళికూతురు చన్నీళ్ళో వేన్నీళ్ళో తలమీద పోయించుకుని, ఉక్కపోతలో పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి. నువ్వు వేసే ప్రతి పొరకూ పెళ్ళి తంతులో ఏదో ఒక గండం ఉంటుంది.

మొదటిది మంగళస్నానం. నలుగు పెట్టి, పసుపు రాసి స్నానం చేయిస్తారు. ఎంత కడిగినా జుట్టు మొదళ్ళలో, చెవుల వెనక, ముక్కు పక్క మడతల్లో పసుపు నిలిచే ఉంటుంది. దాని మీద ఫౌండేషన్ పడితే అక్కడక్కడా పచ్చటి మరకలు కనిపిస్తాయి. పసుపు రంగు నీళ్ళకు సరిగ్గా వదలదు, నూనెకు వదులుతుంది. దూది మీద రెండు చుక్కల కొబ్బరినూనె వేసి ఆ చోట్లు మెల్లగా తుడిచి, తరువాత ఫేస్‌వాష్‌తో జిడ్డు పోగొట్టు. పసుపంతా తీసేస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు, కాబట్టి చేతులకు, పాదాలకు ఉన్నది ఉండనివ్వు. ఆ తరువాత మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకేదాకా ముఖాన్ని ముట్టుకోకు. ఈలోగా పూలజడ కుట్టేవాళ్ళు తమ పని మొదలుపెట్టుకుంటారు.

ఫౌండేషన్ తడి స్పాంజితో అద్దుతూ పలచగా వెయ్యి, చాలని చోటే రెండో పొర. నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రమే పౌడరు. మన సముద్రతీరపు తేమలో చెమట ఆరదు, ముఖం మీదే నిలుస్తుంది. మందంగా పూసిన రంగు ఆ చెమటకు పెచ్చులుగా లేస్తుంది.

ముహూర్తానికి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టి అలాగే పట్టుకుంటారు. బెల్లం కరిగి పాపిట వెంట నుదుటి మీదికి జారుతుంది. అందుకని పాపిట చుట్టూ పౌడరు దట్టంగా వెయ్యవద్దు. తోడుపెళ్ళికూతురి చేతికి మెత్తటి నూలు రుమాలు ఇచ్చి, చుక్క కనుబొమ్మ దాకా రాకముందే మెల్లగా అద్ది తీయాలని ముందే నేర్పు. అద్దితే చుక్క ఒక్కటే పోతుంది. తుడిస్తే నుదుటి మీద ఉన్నదంతా దానితోపాటు వచ్చేస్తుంది. ఈ ఒక్క తేడా చాలామందికి చెప్పినా అర్థం కాదు, ఒకసారి నీ చేతి మీద వేసి చేసి చూపించు. తలంబ్రాల బియ్యానికి పసుపు కలిపి ఉంటుంది. ముఖం తడిగా ఉంటే గింజలు బుగ్గలకు అంటుకుంటాయి, తీసిన చోట పసుపు చుక్క మిగులుతుంది. తలంబ్రాల పళ్ళెం తెస్తున్నారనగానే చెమట అద్దించి, బ్రష్‌తో కాస్త పౌడరు తగిలించు.

కళ్ళ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఐటెక్స్ కాటుక అంటే నాకు ప్రాణం, రోజూ పెట్టుకుంటాను. కానీ పెళ్ళి పీటల మీద కింది రెప్ప లోపల కాటుక వద్దు. హోమం పొగకు కళ్ళు నీళ్ళు కారుస్తాయి, అప్పగింతల సంగతి చెప్పనే అక్కర్లేదు. పై రెప్పకు నీటికి చెదరని లైనర్ గీసి, కింది రెప్పల మొదట్లో గోధుమ రంగు ఐషాడో సన్నగా పులిమితే చాలు, కళ్ళు పెద్దవిగానే కనిపిస్తాయి. సంతల్లో సుర్మా అని అమ్మే మెరిసే నల్లపొడి ఎవరు తెచ్చినా పెట్టవద్దు, అందులో సీసం ఉండవచ్చు.

బొట్టు పెట్టేముందు బాసికం తెప్పించి నుదుటికి ఆనించి చూడు. దాని వెడల్పు తెలియకుండా కల్యాణ తిలకం దిద్దితే సగం దాని కిందికి పోతుంది. స్టిక్కర్ బొట్టు కంటే, పూర్వం మైనం రాసి కుంకుమ అద్దిన పద్ధతే నాకు ఇష్టం. ఇప్పుడు మైనానికి బదులు వాజిలీన్ వాడుతున్నాను. పసుపుకు సున్నం కలిపి చేసిన కుంకుమ దొరికితే మరీ మంచిది. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల రోజూ పెట్టుకునేవాళ్ళకు నుదుట తెల్లమచ్చ రావచ్చు. దురద మొదలైందంటే ఆ రకం మానేయాలి.

గోరింటాకు వేరేవాళ్ళు పెట్టినా నువ్వు ఒక కన్నేసి ఉంచు. నిజమైన గోరింటాకు కడగ్గానే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. గంటలో నల్లగా పండే కోనులో పీపీడీ అనే జుట్టు రంగు రసాయనం ఉంటుంది. దాని వల్ల చేతులు బొబ్బలెక్కి మచ్చలు పడవచ్చు.

మన వైపు తెలుగింటి పిల్ల ఒడియా ఇంటికి, ఒడియా పిల్ల తెలుగింటికి వెళ్ళడం మామూలే కాబట్టి ఆ అలంకరణా నేర్చుకో. అది నాకు ఎంతో ఇష్టమైన పని. ఒడియా పెళ్ళి తరచుగా రాత్రిపూట, పెద్ద దీపాల కింద జరుగుతుంది. ఎర్ర అంచు పసుపు పచ్చని బౌళ పట్టా చీర, తలమీద షోలా అనే మొక్క బెండుతో చేసిన తెల్లని ముకుటం, కనుబొమ్మల మీదుగా చందనపు చుక్కలు, పాదాలకు అలతా అనే ఎర్రని పారాణి. రాత్రి వెలుగు రంగును తినేస్తుంది. బుగ్గల ఎరుపు పగటి కంటే ఒక పాలు ఎక్కువ వెయ్యి, పెదవులకు చిక్కటి ఎరుపు వెయ్యి. చందనపు చుక్కలు ముక్కు మీద నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ ఒకటి ఇటు, ఒకటి అటు పెడుతూ వెళ్ళు, ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వస్తే వరుస కుదరదు. అలతా చీర కట్టకముందే పెట్టి పూర్తిగా ఆరనివ్వు, పట్టు అంచుకు తగిలితే ఆ మరక పోదు. ఫ్లాష్ ఫొటోలు ఎక్కువ తీస్తారు కాబట్టి ఆ రాత్రి టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్న సన్‌స్క్రీన్, క్రీములు వద్దు. ఫ్లాష్ పడగానే ఫొటోలో ముఖం సున్నం పూసినట్టు తెల్లగా వస్తుంది. మామూలు రోజుల్లో ఎండలో తిరిగేటప్పుడు మాత్రం ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది రోజూ రాసుకో.

మన ఊరి ఠకురాణి యాత్రకు పిల్లలకు వేషాలు వేయమని నిన్ను తప్పకుండా పిలుస్తారు. రెండేళ్ళకోసారి వచ్చే పండుగ, సంతోషంగా వెళ్ళు. ముందు ముఖానికి క్రీము దట్టంగా రాసి, దాని మీద ముఖానికని తయారైన రంగులే వెయ్యి. బోర్డులకు వేసే పెయింటు తెస్తే పక్కన పెట్టెయ్యి.

లిప్‌స్టిక్కుల విషయంలో మాత్రం నాకు పక్షపాతం ఉంది. కుంభం అంచు బరంపురం పట్టు కట్టిన చామనఛాయ పిల్లకు ఇటుక ఎరుపు వేసి చూడు, వేరే నగ అక్కర్లేదనిపిస్తుంది. మెరూన్ కూడా బాగుంటుంది. చర్మం కంటే లేతగా ఉండే గోధుమ, పీచ్ రంగులు పెదవులను మాయం చేస్తాయి, వద్దు. 1952లో మొదలైన లాక్మే రోజుల నుంచీ మన పిల్లలకు నప్పే ఎరుపులు ఇక్కడే తయారవుతున్నాయి, ఖరీదైన విదేశీ సరుకు కోసం అప్పు చేయవద్దు.

ఒకరి పెదవులకు రాసిన లిప్‌స్టిక్ ఇంకొకరికి నేరుగా రాయకు. చిన్న గరిటెతో గీకి పళ్ళెంలోకి తీసుకుని బ్రష్‌తో వెయ్యి. మస్కారా బ్రష్ ఒకరికి వాడింది పారెయ్యి, సీసా తెరిచిన మూడు నెలలకు అదీ పారెయ్యి. కళ్ళకలక ఇలా కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. బ్రష్‌లు ప్రతి పెళ్ళి తరువాత షాంపూతో కడిగి పడుకోబెట్టి ఆరబెట్టు. కొత్త వస్తువు ఏదైనా చెవి వెనక రాసి రెండు రోజులు చూడకుండా పెళ్ళికూతురి ముఖానికి తేవద్దు.

ఆ అమ్మాయి ముఖం కిటికీ వెలుగులో ఎలా ఉందో వివరంగా రాసి పంపు, వాళ్ళు ఒప్పుకుంటే ఫొటో కూడా పంపు. చీర రంగు, ముహూర్తం వేళ, బాసికం కొలత మరచిపోకు. అవి అందాక నువ్వు బరంపురం రా, ఇద్దరం కలిసి బజారుకు వెళ్ళి మూడు సీసాలు ఎంచుదాం. నా దగ్గర వెడల్పాటి పౌడరు బ్రష్ ఒకటి అదనంగా ఉంది, అది కొనవద్దు.

ఆశీస్సులతో,
మీ మేనత్త