అహంభావం ఉందని ఆయనకూ తెలుసు

ప్రశ్న: డాక్టరు గారూ, మా విభాగంలో నాతో సమాన హోదాలో ఉన్న ఒకాయన ప్రతి సమావేశంలోనూ సొంత డబ్బా కొట్టుకుంటాడు, ఇతరులు చేసిన పనినీ తన ఖాతాలో వేసుకుంటాడు. మొన్న ఉండబట్టలేక “మీకు అహంభావం కాస్త ఎక్కువండీ” అన్నాను. కోప్పడతాడనుకుంటే, నవ్వి, “అవును, ఎక్కువే. ఉండాల్సినవాడికి ఉంటుంది” అన్నాడు. ఇలాంటివారికి లోలోపల ఆత్మన్యూనత ఉంటుందంటారు, నిజమేనా? అసలు తన సంగతి తనకు తెలుసా?

జవాబు: రెండో ప్రశ్నకు ఆయన మీకు అప్పుడే జవాబు చెప్పేశారు. నార్సిసిజం, అంటే తనను తాను అందరికంటే మిన్నగా భావించుకుంటూ ఆ మెప్పు ఎదుటివారి నుంచి కూడా రావాలని ఆశించే స్వభావం ఉన్నవారికి తమ గురించి ఏమీ తెలియదని చాలాకాలం అనుకున్నాం. అయితే ఎరికా కార్ల్‌సన్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధనలో ఈ లక్షణాలు ఎక్కువగా ఉన్నవారు తాము అహంకారులమని తామే చెప్పుకున్నారు. తమ గురించి తమకున్నంత గొప్ప అభిప్రాయం ఇతరులకు లేదని కూడా వారు గ్రహించగలిగారు. తెలిసీ మారకపోవడానికి కారణం, నా ఉద్దేశంలో, అది వారికి లోపంగా తోచకపోవడమే.

ఎందుకు తోచదో 2002లో కీత్ క్యాంబెల్ బృందం చేసిన అధ్యయనాన్ని చూస్తే అర్థమవుతుంది. నార్సిసిస్టిక్ ధోరణి ఉన్నవారు తెలివితేటలు, చొరవ వంటి విషయాల్లో తాము సగటు మనిషి కంటే ఎంతో పైన ఉన్నామని చెప్పుకున్నారు గానీ, నలుగురితో సర్దుకుపోవడం, నీతి నియమాల వంటి విషయాల్లో అలా చెప్పుకోలేదు. మామూలు ఆత్మగౌరవం బాగా ఉన్నవారు మాత్రం ఈ రెండో కోవ గుణాల్లోనూ తమకు మంచి మార్కులే వేసుకున్నారు. మీ సహోద్యోగి నవ్వడానికి కారణం ఇదే కావచ్చు: వినయం లేదని మీరు అన్నారు, వినయాన్ని ఆయన ఎన్నడూ తన ఆస్తుల జాబితాలో రాసుకోలేదు. అదే నలుగురి ముందు “మీ లెక్క తప్పింది” అని ఉంటే ఆ నవ్వు ఉండేదో లేదో! బ్రాడ్ బుష్‌మన్, రాయ్ బౌమైస్టర్ 1998లో చేసిన ప్రయోగంలో తాము రాసిన వ్యాసాన్ని తీవ్రంగా విమర్శించిన వ్యక్తికి చెవులు చిల్లులు పడే శబ్దం వినిపించే అవకాశం ఇచ్చినప్పుడు, నార్సిసిజం ఎక్కువగా ఉన్నవారే దాన్ని ఎక్కువ తీవ్రతతో వాడుకున్నారు.

ఇక ఆత్మన్యూనత మాట. ఇది సగమే నిజం. ఆడంబరంగా గొప్పలు చెప్పుకునే రకం వారిలో ఆత్మగౌరవం సగటు కంటే కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. పైన అహంభావం, లోపల ఆత్మన్యూనత అనే ముసుగు సిద్ధాంతం సరిపోయేది మరో రకానికి: పైకి ముడుచుకుపోయినట్టుండి, తనకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదని లోలోపల రగిలిపోతూ, చిన్న మాటకే నొచ్చుకునేవారికి. వీరి ఆత్మగౌరవం నిజంగానే తక్కువ. గొప్పలు చెప్పుకోరు కాబట్టి వీరిని ఎవరూ ఆ దృష్టితో చూడరు. పాపం, చాలాసార్లు వీరిని సిగ్గరులనుకుంటారు.

ఆత్మగౌరవానికీ నార్సిసిజానికీ ఉన్న తేడా వాటిని కొలిచే ప్రశ్నల్లోనే తెలుస్తుంది. మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ఇచ్చిన పది వాక్యాల కొలమానంలో, కనీసం ఇతరులతో సమానంగానైనా నాకు విలువ ఉందని అనుకుంటున్నాను అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. గమనించండి, సమానంగా చాలు. నార్సిసిజాన్ని కొలిచే ప్రశ్నావళి అయితే అందరి చూపూ మీ మీదే ఉండాలనుకుంటారా, గుంపులో ఒకరిగా కలిసిపోతారా అన్న ధోరణిలో నడుస్తుంది.

ఒక హెచ్చరిక: ఇది లక్షణాల సంగతి, రోగనిర్ధారణ కాదు. నార్సిసిస్టిక్ వ్యక్తిత్వ రుగ్మత అనడానికి వైద్యులు పాటించే డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంలోని తొమ్మిది ప్రమాణాల్లో కనీసం ఐదు ఉండాలి. సమావేశంలో చూసినదాన్నిబట్టి ఆయనకు ఆ పేరు తగిలించకండి. ఆయన తన ఖాతాలో వేసుకుంటున్న పనుల విషయంలో మాత్రం, ఎవరు ఏం చేశారో ముందే రాతపూర్వకంగా అందరికీ పంపడం వాదన కంటే మేలు.

ప్రశ్న: ఎక్కువగా పొగిడితే మా ఎనిమిదేళ్ల పాప ఇలా తయారవుతుందేమోనని భయం. పొగడటం మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు. ఎడీ బ్రుమెల్‌మన్ బృందం నెదర్లాండ్స్‌లో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలను కొంతకాలం గమనించి 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మిగతా పిల్లలకంటే తమ బిడ్డే ప్రత్యేకమని తల్లిదండ్రులు భావించిన చోట పిల్లల్లో నార్సిసిజం పెరిగింది. ఆప్యాయత చూపిన చోట ఆత్మగౌరవం పెరిగింది. పాప బొమ్మ గీసి తెచ్చినప్పుడు “నీలాగా క్లాసులో ఎవరూ వేయలేరు” అనకండి. పక్కన కూర్చోబెట్టుకుని, ఈ చెట్టుకు నీలం రంగు ఎందుకు వేశావమ్మా అని అడగండి.