నాలుగు గంటలు ఆ మంచం పక్కన కూర్చుని చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. వాళ్ల నాయనమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లి వస్తూ, ఆసుపత్రిలో రోగులు ఒకరికొకరు తోడయ్యే సాంకేతికతను రూపొందిస్తానంటోంది. ఏఐ కోర్సు చేయమంటే వినడం లేదు, ఇదేం పిచ్చో! ఇక్కడ ఎం.డెస్. (డిజైన్‌లో మాస్టర్స్) మంచిదా, అమెరికాలో ఎంఎస్ మంచిదా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు అడిగింది డిగ్రీల గురించే అయినా, అసలు భయం వేరు. తోటి పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకుంటుంటే అమ్మాయి ఎటూ కాకుండా పోతుందేమోనని. పోదు. ఆ బీటెక్ పట్టా ఎక్కడికీ పోదు, ఇది కుదరకపోయినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉండనే ఉంటుంది.

అక్కడ ఏం చూసిందో ఎప్పుడైనా అడిగారా? వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు. సూదులున్న చెయ్యి కదపకూడదు, ఫోను ఒంటిచేత్తోనే. ప్రతిసారీ అదే షిఫ్టుకు వచ్చే పక్క మంచం ఆవిడ, "దాహమేస్తే గ్లాసెత్తకండి, చిన్న ఐసుముక్క చప్పరించండి" అంటుంది. డాక్టరు చెప్పినా ఎక్కని మాట, ఆవిడ చెబితే ఎక్కుతుంది. అదే ఆవిడ తన బీపీ మాత్ర ఇవ్వబోతే ప్రమాదం. ఒకరోజు ఆ మంచం ఖాళీగా కనిపిస్తే, ఫోను మిగతావాళ్లకు ఏమని చెప్పాలి? ఎవరి జబ్బు సంగతి ఎవరికి తెలియాలి? మీరు పిచ్చి అంటున్నది ఈ ప్రశ్నలనే.

నా అనుమానమల్లా ఆరు నెలల యూఎక్స్ (యాప్‌లను వాడేవాళ్లకు అనువుగా తీర్చిదిద్దే పని) కోర్సుల మీద. విజయవాడలో వాటికి గిరాకీ బాగానే ఉంది. అవి చేసి నా దగ్గరికి వచ్చే పిల్లలు చూపించేదంతా భోజనం తెప్పించుకునే యాప్‌లకు కొత్త రంగులే. ఒక్క రోగితో మాట్లాడినవాళ్లు లేరు. ఇక రోగికి తోడుగా చాట్‌బాట్ పెడితే చాలనేవాళ్లూ బయల్దేరారు. సూది గుచ్చుకోవడం ఎరగనిది తోటి రోగి ఎలా అవుతుంది?

అమ్మాయి చేయాలనుకుంటున్న పని పేరుతో ఉద్యోగ ప్రకటన రాదు, అది నిజమే. ఆరోగ్య రంగ సాఫ్ట్‌వేర్ సంస్థల్లో, పరిశోధనశాలల్లో వెతుక్కోవాలి. ఎం.డెస్. ఐఐటీ బొంబాయి, గువాహటి, హైదరాబాద్‌లలో ఉంది. దాని ప్రవేశ పరీక్ష సీడ్ గురించి అమ్మాయికే తెలిసి ఉంటుంది. అమెరికాలో కార్నెగీ మెలన్, జార్జియా టెక్ వంటి చోట్ల మనుషులకూ కంప్యూటర్లకూ మధ్య వ్యవహారాన్ని రూపొందించే ఈ రంగంలో మాస్టర్స్ ఉన్నా, ఇల్లు తాకట్టు పెట్టి ముందే పంపకండి.

ఇంకొకటి. మీ ఉత్తరంలో 'మా అమ్మ' అన్న మాటే లేదు, 'వాళ్ల నాయనమ్మ' అని రాశారు. వచ్చే డయాలసిస్‌కు మీరే వెంట వెళ్లండి. అమ్మాయి చదువు సంగతి ఇంటికొచ్చాక మాట్లాడుకోవచ్చు.