గేమ్ ఆడుతుంటే పీసీ ఆగిపోతోంది: పవర్ సప్లైదా, గ్రాఫిక్స్ కార్డుదా తప్పు?

ఒంగోలులో మీరు 550 వాట్ల పవర్ సప్లై మీద ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు నడుపుతున్నారు, గేమ్‌లో పది నిమిషాలకు పీసీ మొత్తం ఆరిపోయి మళ్లీ ఆన్ అవుతోంది అన్నారు. ముందు అనుమానించాల్సింది సప్లైనే. కార్డు చెడితే ఎక్కువగా తెర మీద చుక్కలు, గీతలు వస్తాయి, లేదా తెర నల్లబడినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి.

3070 రేటింగ్ 220 వాట్లే. కానీ అప్పుడప్పుడు సెకనులో వెయ్యో వంతు కాలం అంతకు చాలా ఎక్కువ లాగుతుంది, ఆ కుదుపుకే బలహీనమైన సప్లై రక్షణ కోసం ఆగిపోతుంది. కార్డు చిప్ తయారీదారు ఎన్‌విడియా కూడా దీనికి 650 వాట్ల సప్లై సూచించింది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది: ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ (కార్డు లాగే కరెంటుకు హద్దు) 70 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. ఆగకపోతే సప్లై మీద అనుమానం గట్టిపడినట్టే. కార్డుకు కరెంటు ఇచ్చే 8 పిన్ సాకెట్లు రెండుంటే, ఒకే తీగకున్న రెండు కొసలు పెట్టకండి, సప్లై నుంచి రెండు వేర్వేరు తీగలు తీయండి. గేమ్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో సప్లై నుంచి వచ్చే మోలెక్స్ అనే నాలుగు పిన్నుల ప్లగ్‌లో పసుపు, నలుపు తీగల మధ్య వోల్టేజి (12 వోల్టులు ఉండాలి) కొలవండి, 11.4 వోల్టుల కంటే తగ్గితే సప్లై మార్చాల్సిందే. మీటరు ముళ్లు ఒకదానికొకటి తగలనివ్వకండి.

కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో కార్డు మదర్‌బోర్డులో దూరే అంచున ఉన్న బంగారు పళ్లకు మకిలి పడుతుంది. ప్లగ్ పీకి, కార్డు బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక పెట్టండి. సప్లై డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు ప్రాణం తీసేంత షాక్ కొట్టగలవు.