ఫస్స అంటే ఒంటికి తగలడమేనా?

"బౌద్ధంలో స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ అంటారు కదా, మరి దేన్నీ ముట్టుకోకుండా కళ్లు మూసుకు కూర్చుంటే సరిపోదా?" అని మీలో ఒకరు అడిగారు. నాకూ మొదట్లో ఇదే డౌటు. ఈ చిక్కంతా మాటలతోనే. మనకు స్పర్శ అంటే చెయ్యి తగలడం, వేదన అంటే బాధ. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో వేదన అంటే సుఖం, దుఃఖం, రెండూ కానిది, ఈ మూడూ. ఇక స్పర్శకి పాళీ మాట ఫస్స. అంటే ఇంద్రియం, దాని విషయం (కంటికి రూపం, చెవికి చప్పుడు లాంటివి), వాటివల్ల పుట్టే విజ్ఞానం (ఇక్కడ ఎరుక అని అర్థం), మూడూ కలవడం. కంటికి, చెవికి, ముక్కుకి, నాలుకకి, ఒంటికి, మనసుకి, మొత్తం ఆరు రకాలు.

ఓసారి అమ్మ "మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్" అని చెప్పి బజారుకెళ్లింది. నేను ఫోన్‌లో క్రికెట్ చూస్తూ కూర్చున్నా, పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఒక్క విజిలూ తెలీలేదు. చెవులు బానే ఉన్నాయి, చప్పుడు పక్కింటిదాకా వెళ్లింది. మహాహత్థిపదోపమ సుత్తంలో (సుత్తం అంటే బౌద్ధ గ్రంథాల్లోని ఒక బోధ) బుద్ధుడి శిష్యుడు సారిపుత్తుడు చెప్పేది ఇదే: ఇంద్రియం బాగున్నా, విషయం ఎదురుగా ఉన్నా, మనసు అటు తిరగకపోతే విజ్ఞానం పుట్టదు. అది పుట్టకపోతే ఫస్స కూడా లేదు. (అమ్మకి ఈ సమాధానం చెప్పే ధైర్యం నాకు లేదు.)

ఇక కళ్లు మూసుకోవడం సంగతి. పదిరోజుల విపశ్యన ధ్యానం కోర్సుకెళ్లాను. ఫోన్ లేదు, మాటల్లేవు. అయినా మూడోరోజు, ఎనిమిదేళ్ల కిందట ఓ పెళ్లిలో బాబాయి అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఎవరూ నన్ను ముట్టుకోలేదు, మనసుకి జ్ఞాపకం తగిలింది, అంతే. ఇంద్రియ భావనా సుత్తంలో ఉత్తరుడనే కుర్రాడు మీలాగే, కంటితో చూడకపోవడం, చెవితో వినకపోవడమే సాధన అని మా గురువు చెబుతాడంటే, అలాగైతే గుడ్డివాళ్లూ చెవిటివాళ్లూ సాధన పూర్తి చేసినట్టేగా అన్నాడు బుద్ధుడు. కుర్రాడు తల దించుకున్నాడు.

అంటే తగలకుండా ఆపడం కాదు, తగిలాక ఏం జరుగుతోందో చూడడం. నాకిది మోకాలి దగ్గర తెలిసింది. గంటసేపు కదలకుండా కూర్చునే పూటల్లో నొప్పి మొదలవ్వగానే కాలు జరిపేసేవాణ్ణి, రెండూ ఒకటే అనుకుని. ఏడో రోజుకి కాబోలు, నొప్పి (వేదన) ఒకటి, "ఇది పోవాలి" అనే ఆరాటం (తృష్ణ) ఇంకొకటి అని విడివిడిగా కనబడింది. నొప్పి అలాగే ఉంది, ఆరాటం మాత్రం కాసేపు రాలేదు. కాసేపంటే మహా అయితే అరనిమిషం, ఆ తర్వాత మామూలుగానే కాలు జరిపేశా.