పీ-విలువ తక్కువగా వస్తే ప్రభావం పెద్దదని అనుకోవచ్చా?

అనుకోకూడదు. నిజానికి తేడా ఏమీ లేకపోయినా, కనిపించినంత లేదా అంతకన్నా పెద్ద తేడా కేవలం యాదృచ్ఛికంగా రావడానికి ఉన్న సంభావ్యతే పీ-విలువ. పరిశీలనలో పాల్గొన్నవారి సంఖ్య పెరిగేకొద్దీ అతి స్వల్పమైన తేడాకు కూడా పీ-విలువ చిన్నదిగానే వస్తుంది కాబట్టి, ఆ తేడా ఎంతన్నది ప్రభావ పరిమాణంతో విడిగా కొలవాలి. ఒక తరగతి సగటు మార్కులు 62, మరొక తరగతివి 56, రెండింటి ఉమ్మడి ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 12 అనుకుందాం. సగటుల తేడా 6ను 12తో భాగిస్తే కోహెన్ డి అనే ప్రభావ పరిమాణం 0.5 వస్తుంది. 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అన్న కొలబద్దను ఇచ్చిన గణాంక, మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెనే, అంతకన్నా మెరుగైన ఆధారం లేనప్పుడే దాన్ని వాడాలని హెచ్చరించారు. ఆ హెచ్చరికను మాత్రం చాలామంది వదిలేసి అంకెలనే పట్టుకుంటారు.

ఆ హెచ్చరిక ఎందుకో అమెరికాలో వైద్యులపైనే జరిపిన ఆస్పిరిన్ అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 1988లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆస్పిరిన్ తీసుకున్న 11,037 మందిలో 104 మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 11,034 మందిలో 189 మందికి గుండెపోటు వచ్చింది. రెండు విషయాల మధ్య సంబంధం ఎంత బలమైనదో చెప్పే సహసంబంధ గుణకంగా లెక్కిస్తే ఇది సుమారు 0.034 మాత్రమే, అంటే ఈ గుణకం విషయంలో ‘చిన్నది’ అనిపించుకోవడానికి కోహెన్ కొలబద్ద ప్రకారం కావలసిన 0.1లో మూడో వంతు. అయినా గుండెపోట్లు దాదాపు 45 శాతం తగ్గాయి. ఇంకోలా చెప్పాలంటే, వెయ్యి మందికి సుమారు 17 నుంచి 9కి దిగాయి.