పెరటి ముచ్చట్లు: ఆనపపాదు అలిగితే

ప్రశ్న: మా ఆనపపాదు పందిరంతా అల్లుకుంది. పూలు బోలెడు పూస్తున్నాయి కానీ పిందె వేలెడు కూడా అవకుండానే పసుపెక్కి రాలిపోతోంది. రెండు పూటలా నీళ్ళు పోస్తున్నాను, ఆవు పేడ ఎరువు కూడా వేశాను. ఇంకేం చెయ్యాలి? (అమలాపురం దగ్గర నుంచి ఒక గృహిణి)

జవాబు: ఇంకేం చెయ్యకండి, ముందు ఆ రెండో పూట నీళ్ళు ఆపండి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయి కనిపిస్తే మనకి టెన్షన్ వచ్చి బిందె పట్టుకుని పరిగెడతాం. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఆనపాకు వాలడం ఒక లెక్కా! పొద్దువాలాక వెళ్ళి చూడండి, ఆకు మళ్ళీ నిక్కితే వేరుకి నీళ్ళు అందుతున్నట్టే. సాయంత్రానికి కూడా లేవకపోతేనే పొయ్యాలి. పాదు మొదలు దగ్గర మట్టిలో వేలు గుచ్చి చూస్తే రెండంగుళాల లోపల తడి ఉందో లేదో తెలిసిపోతుంది. పొద్దున్నే ఒక్కసారి నిండుగా పోసి, మొదలు చుట్టూ వరిగడ్డో ఎండుటాకులో నాలుగంగుళాల మందాన పరవండి, కాండానికి మాత్రం ఆనించకండి.

ఇక పిందె సంగతి. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది. పగలు తిరిగే తేనెటీగలు అప్పటికి గూటికి చేరిపోతాయి, రాత్రి పురుగులు రాకపోతే పిందెకి పుప్పొడి అందదు, పసుపెక్కి రాలుతుంది. కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి. సన్నటి కాడ మీద ఉన్నది మగపువ్వు, అడుగున బుల్లి ఆనపకాయ ఉన్నది ఆడపువ్వు. దీపాలు పెట్టే వేళకి మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. నేనైతే మా పక్కింటి పిల్లల్ని పిలిచి చేయిస్తాను, వాళ్ళకి అది ఆట. వారంలో పిందె ఊరడం కనిపిస్తుంది. పాదు కొత్తదైతే మొదట్లో అన్నీ మగపూలే పూస్తాయి, కంగారుపడొద్దు. బీరకి కూడా సాయంత్రమే, కాకరకీ దోసకీ మాత్రం పొద్దున్నే అద్దాలి.

ఇంకొక్క మాట. కాయ కోసాక చిన్న ముక్క నాలుకకి తగిలించి చూడండి. ఆనపకాయ చేదుగా ఉంటే మొహమాటం లేకుండా పారెయ్యండి, వండినా ఆ చేదు పోదు, తింటే వాంతులూ విరోచనాలూ పట్టుకుంటాయి. కష్టపడి పెంచాం కదా అని కూరలో కలిపేయడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

ప్రశ్న: మాది సముద్రం దగ్గర ఊరు. కాలువల్లో నీళ్ళు ఆపేశాక బోరు నీళ్ళే దిక్కు, అవి ఉప్పన. కుండీల్లో మట్టి మీద తెల్లగా పేరుకుంటోంది, చిక్కుడు మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయి. (అంతర్వేది వైపు నుంచి)

జవాబు: ఆ తెలుపు ఉప్పేనండీ. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రోజూ గ్లాసుడు గ్లాసుడు పోస్తే ఇంకా పేరుకుంటుంది, దానికంటే రెండు మూడు రోజులకోసారి అడుగు కన్నంలోంచి కారేదాకా పొయ్యడం నయం. బియ్యం కడిగిన నీళ్ళూ కూరలు కడిగిన నీళ్ళూ ఒక బకెట్‌లో పట్టి నారుమొక్కలకి ఉంచండి. ఉప్పు నీళ్ళు ఆకుల మీద పడనివ్వకండి. చిక్కుడు ఉప్పుకి ఓర్చుకోదు, దాని మీద ఆశ వదులుకుని తోటకూర, బచ్చలి వేసుకోండి. తొలకరి పడ్డాక కుండీలన్నీ వానలో పెట్టండి, బాగా కడిగేస్తుంది. మీ గట్టుకి అవతల రొయ్యల చెరువు ఉంటే, ఆ ఉప్పు నీరు ఇటు ఊరకుండా పెరడు చుట్టూ చిన్న బోదె తీసుకోవడం కూడా మంచిది.

ప్రశ్న: టమాటా పూస్తోంది, కాయటం లేదు. మందు చెప్పండి. (భీమవరం)

జవాబు: మందు లేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే టమాటా పువ్వు రాల్చేస్తుంది. పాత చీర నీడ కట్టి మొక్కని బతికించుకోండి, కొత్త నారు వానలు మొదలయ్యాక పోసుకోవచ్చు.

ప్రశ్న: ఈ ఎండలకి అన్నీ మాడినా బచ్చలి మాత్రం గోడెక్కి పక్కింట్లోకి దిగింది. పప్పులో వేసి వేసి ఇంట్లోవాళ్ళు నా మొహం చూడటం లేదు. (పాలకొల్లు)

జవాబు: గోదావరి జిల్లాలో పుట్టి బచ్చలి ఎక్కువైందంటారేంటండీ, కంద తెప్పించండి! చేతికి నూనె రాసుకుని కంద చెక్కి ఉడకబెట్టి, బచ్చలి వేసి, చింతపండు పులుసు పోసి, దించాక ఆవ ముద్ద కలపండి. ఆవ పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. లేత ఆకులు శనగపిండిలో ముంచి బజ్జీలు కూడా వెయ్యొచ్చు. పక్కింట్లోకి దిగిన తీగని కోసేయకుండా జానెడు ముక్కలు చేసి వాళ్ళకే ఇవ్వండి, తడి మట్టిలో గుచ్చితే నాటుకుంటుంది. వచ్చే ఏడాది వాళ్ళ పాదు మీ గోడ దిగుతుంది, అప్పుడు మళ్ళీ ఉత్తరం రాయండి.